నవ్వి లేవాలి

చిటికె నవ్వు నాది కాదు.

ఈ మాట ఇంతవరకు నేను పైకి అనలేదు. అద్దం ముందు కూడా అనలేదు. ఇప్పుడు కూడా అనడం లేదు, రాస్తున్నాను. రాస్తే చప్పుడు ఉండదు. మా ఇంట్లో ఇప్పుడు చప్పుడు చేయాలంటే నాకు భయం.

చిటికె అంటే తెలియని పిల్లలు తక్కువ. సాయంత్రం బడి నుంచి వచ్చి టీవీ పెడితే వచ్చే బొమ్మల కథలో బొటనవేలంత పిల్లోడు వాడు. కప్పు మీద నుంచి, బండి మీద నుంచి, పాలగిన్నెలోకి, వాడు పడని చోటు లేదు. పడిన ప్రతిసారీ లేచి నవ్వుతాడు. గబగబా మూడు నవ్వులు, ఆ తర్వాత లోపలికి పీల్చే ఒక ఊపిరి, చివర ముక్కులోకి నీళ్లు పోయినట్టు చిన్న దగ్గు. మార్కాపురంలో ఆటోల్లో బడికి పోయే పిల్లలు ఒకరినొకరు తోసుకొని ఆ దగ్గు దగ్గుతారు.

తెలుగులో చిటికె గొంతు నాది. పదేళ్ల పిల్లగా ఉన్నప్పటి నుంచీ నాదే. మా వీధిలో నన్ను గోపిక అని పిలిచేవాళ్లు లేరు, చిటికక్కా అంటారు. మాటలు చెప్పమంటే చెబుతాను. నవ్వమంటే మాత్రం గొంతు బాగాలేదంటాను. ఎందుకంటే ఆ నవ్వు నాకు మైకు ముందర తప్ప ఎక్కడా రాదు. మైకు ముందర కూడా నేను నోరు తెరుస్తాను, అంతే. గొంతు కదలదు. చూస్తే నవ్వు ట్రాకులో పడి ఉంటుంది.

ఆ నవ్వు ఎవరిదో నాకు తెలుసు.

నేను రెండో తరగతిలో ఉండగా మా ఊరి బయట పలకరాయి గుంతల దగ్గరికి సినిమావాళ్లు వచ్చినారు. నాయన చెన్నకేశవులు పలకలు కోసే ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. షూటింగు చూపిస్తానని నన్ను సైకిలెక్కించుకొని పోయినాడు. వాళ్లు హైదరాబాదు నుంచి తెచ్చుకున్న పాపకు అమ్మవారు పోసిందంట, పని ఆగిపోయి అందరూ చిరాకుగా ఉన్నారు. జనంలో ఉన్న నన్ను చూసి ఎవరో, "ఈ పిల్ల కళ్లు బాగున్నాయి" అన్నారు. అట్ల నేను బేబీ గోపిక అయినాను.

గుంతలో పడి చచ్చిపోయే పిల్ల వేషం. ఏడ్వడం, కాలు జారడం, బయటికి తీసినాక ఒడ్డున కళ్లు మూసుకొని పడుకోవడం నా వంతు. నీళ్లలో బోర్లా తేలే షాటు ఒకటి ఉంది. నాకు ఈత రాదు. అర్ధవీడు నుంచి మేకలు తోలుకొని వచ్చిన యల్లమ్మ అనే ఆమె కూతురికి వచ్చు. మల్లి. ఎత్తులో నా అంతే. నా గౌను లాంటిదే ఇంకో పసుప్పచ్చ గౌను ఆ పిల్లకు తొడిగి, డూపు అన్నారు.

మధ్యాహ్నం ఇద్దరం పక్కపక్కన కూర్చొని అన్నం తిన్నాం.

"నీకు చచ్చిపోవడం వచ్చా?" అనడిగింది మల్లి.

"రాదు."

"నాకొచ్చు. ఊపిరి బిగబట్టాల. నవ్వు రాకుండా చూసుకోవాల. అదే కష్టం."

అని నవ్వింది. గబగబా మూడు నవ్వులు. మెతుకు ముక్కులోకి పోయి దగ్గింది.

సినిమావాళ్లకు ఒక పట్టింపు ఉంది. కెమెరా ముందు చచ్చిపోయినట్టు చేసినవాళ్లు ఊరకే లేచి పోకూడదు. షాటు అయినాక అదే కెమెరాను చూసి నవ్వాల. సొంతవాళ్లు ఒకరు పేరు పెట్టి "లే" అని చేయి పట్టి లేపాల. చావు అక్కడికి అబద్ధమైపోతుంది. అట్ల చేయకపోతే చావు నిజమనుకుంటుందంట. నాకు అన్నీ చేసినారు. గుమ్మడికాయ కొట్టినారు. నేను కెమెరా చూసి నవ్వినాను. నాయన వచ్చి "లే గోపికా" అని చేయందించినాడు.

మల్లికి ఎవరూ చేయలేదు. మొహం కనబడలేదు కదా, డూపుకు ఎందుకులే అనుకున్నారేమో. ఆ షాటు అయ్యేసరికి పొద్దు కుంకింది, కెమెరాకు గుడ్డ కప్పేసినారు. గొంగడి పట్టుకొని ఒడ్డున నిలబడిన యల్లమ్మను షాటులోకి అడ్డం వస్తుందని అంతకుముందే రాళ్లగుట్ట వెనక్కి పంపించినారు. మల్లి తనంతట తానే నీళ్లలో నుంచి ఎక్కి వచ్చింది. పొద్దున నాకు చేసిందంతా చూసింది కదా, తన వంతు అనుకున్నట్టుంది. గుడ్డ కప్పిన కెమెరా ముందర నిలబడి నవ్వింది. మూడు నవ్వులు, ఒక ఊపిరి, దగ్గు. ఆ తర్వాత చేయి ముందుకు చాపింది, ఎవరైనా పట్టుకుంటారని.

అందరూ సామాన్లు సర్దుకుంటున్నారు. నాయన సైకిలు తీస్తున్నాడు. చాపిన ఆ చేయిని నేనొక్కదాన్నే చూసినాను.

ఆ వానాకాలం అదే గుంతలో మల్లి పోయింది. మేకపిల్లను తీయబోయి పడిందన్నారు. ఈత వచ్చిన పిల్ల. నీళ్ల మీద బోర్లా తేలిందంట, అచ్చం సినిమాలో లాగే. అప్పటికి నాయన నన్ను తీసుకొని హైదరాబాదులో స్టూడియోల చుట్టూ తిరుగుతున్నాడు. ఆ సంగతి ఫోనులో విని, "నువ్వేం మనసులో పెట్టుకోబాక" అన్నాడు. నేనేమీ పెట్టుకోలేదు. పెట్టుకున్నది మల్లి.

నాకు ఇంకా నాలుగు సినిమాలు, ఒక సీరియలు వచ్చినాయి. పాలపళ్లు ఊడినాక వేషాలు కూడా ఊడిపోయినాయి. నాయన నన్ను డబ్బింగు స్టూడియోకు పట్టుకొని పోయినాడు. అక్కడ లీదియక్క పిల్లలకు గొంతు పరీక్ష పెట్టేది. చిటికె మాటలు బాగా చెప్పినాను. నవ్వు రాలేదు. ఎన్నిసార్లు చేసినా మేక అరిచినట్టు వస్తుంది. లీదియక్క విసుక్కొని, "ఇంక ఒక్కసారి, లేదంటే వేరే పిల్లను పిలుస్తాను" అంది. నాయన అద్దం అవతల నుంచి చూస్తున్నాడు. నోరు తెరిచినాను. ఏమీ రాలేదు.

లీదియక్క హెడ్‌ఫోన్సు తీసి నా దిక్కు చూసింది. "ఇంతసేపూ ఎక్కడ దాచావే ఈ నవ్వుని?" అంది.

అట్ల నా బతుకు ఆ నవ్వు మీద నిలబడింది.

లాక్‌డౌన్ అప్పుడు స్టూడియోలు మూసేసినారు. ఇంటి నుంచే చేయొచ్చంటే మార్కాపురం వచ్చేసినాను. ఇంటి వెనక నాయన పలకలు పెట్టుకున్న కొట్టు ఉంది. దాన్నే రికార్డింగు గది చేసుకున్నాను. గోడలకు కట్టడానికి స్పాంజి దొరక్క, అర్ధవీడు నుంచి గొంగళ్లు తెప్పించినాను. గొర్రెబొచ్చు గొంగడి చప్పుడంతా మింగేస్తుంది. గుమ్మానికి కూడా తలుపు బదులు గొంగడే వేలాడదీసినాను. లోపలికి పోతే మన ఊపిరి తప్ప ఏదీ వినబడదు. రాతిపొడి వాసన, బొచ్చు వాసన.

గొంగళ్లు మోసుకొచ్చింది యల్లమ్మ. నేను ఆమెను గుర్తుపట్టినాను. ఆమె నన్ను గుర్తుపట్టిందో లేదో తెలియదు. మైకు దిక్కు చాలాసేపు చూసింది.

"ఆ బొమ్మ పిల్లోడు నువ్వేనంట కదా పాపా."

"అవును పెద్దమ్మా."

"మా ఇంట్లో పిల్లలు లేరు. అయినా ఆ బొమ్మ వచ్చే పొద్దుకు మేకల్ని దొడ్లోకి తోలేసి వచ్చి కూర్చుంటా. మాటలు నాకేం తెలుస్తాయి. నవ్వు కోసం."

నేను తల దించుకొని గొంగళ్లు మడత పెడుతున్నట్టు నటించినాను.

"ఆ నవ్వు ఆపబాక పాపా," అంది. "ఇంకా గొంగళ్లు కావాలంటే ఫోను చెయ్" అని నంబరు చెప్పింది. యల్లమ్మ అని రాసుకోవడానికి నాకు చేయి రాలేదు. ఫోనులో 'గొంగళ్లు' అని పెట్టుకున్నాను.

పోయిన నెల లీదియక్క ఫోను చేసింది.

"గోపీ, కొత్త భాగాలకి పిల్ల గొంతులు పిల్లలే చెప్పాలంటున్నారు కంపెనీవాళ్లు. ఇంక మనల్ని అమ్మమ్మలకి పిలుస్తారేమో. మీ అన్నయ్య కూతురు బాగా మాట్లాడుతుందన్నావుగా. ఒక శాంపిల్ పంపించు."

నాకు ఏడుపొచ్చింది. అది నిజం. దానితో పాటే భుజం మీది మూట దించినట్టు కూడా అనిపించింది. ఇదీ నిజమే. ఇంక ఆ నవ్వు నాకు అక్కర్లేదనుకున్నాను. మూట దించితే ఎక్కడో ఒక చోట దించాల కదా అని ఆలోచించలేదు.

మా అన్న కిరణ్ సంతోషం చూడాల. "ఏందే చిటికె, నీకు పెన్షనూ మా పిల్లకు ఉద్యోగమూనా?" అని ఎగతాళి చేసినాడు. మా వదిన స్రవంతి మాత్రం, "ఆ గొర్రెల గుడిసెలోకి పిల్లని ఎక్కువసేపు తీసుకుపోబాక, వాసన వదలదు" అంది.

యామినికి ఏడేళ్లు. ఎప్పుడూ నవ్వే పిల్ల. తుమ్మినా నవ్వే, దెబ్బ తగిలినా నవ్వే. ఆ నవ్వుకు దగ్గు లేదు, గలగలమని పలకల కట్ట జారినట్టు ఉంటుంది.

మా వీధిలో పలకలు కోసే మిషన్లు పగలంతా మోగుతాయి, కాబట్టి రాత్రి అన్నాలయినాక మొదలుపెట్టినాం. ఎండాకాలం. గాలి లేదు. యామినిని స్టూలు ఎక్కించి, హెడ్‌ఫోన్సు పెట్టి, చేతికి గ్లాసుతో నీళ్లిచ్చినాను. నీళ్లలో మునిగే చప్పుడుకు నోట్లో నీళ్లు పోసుకొని గొంతులో ఆడిస్తాం, అది మా పనిలో ఒక కిటుకు. శాంపిల్ సీను చిన్నది. చిటికె చెరువులో పడతాడు. మునుగుతాడు. కాసేపు ఏ చప్పుడూ ఉండదు. తర్వాత తేలి నవ్వుతాడు.

"అత్తా, గౌను తడిస్తే మమ్మీ తిడతది."

"నేను చెప్తాలే. రెడీనా?"

కేక బాగా వేసింది. నీళ్లలో గుడగుడ కూడా బాగా చేసింది. ఎంత బాగా అంటే నా చేతుల మీద వెంట్రుకలు లేచినాయి. గుడగుడ సన్నబడింది... ఆగింది. తెర మీద చిటికె బోర్లా తేలుతున్నాడు.

అప్పుడు కరెంటు పోయింది.

ల్యాప్‌టాపు బ్యాటరీ మీద నడుస్తూనే ఉంది. తెర వెలుతురు యామిని మొహం మీద మాత్రం పడుతుంది. లైటు ఆరినాక ఆ గది ఎంత మూగదో అప్పుడు తెలిసింది. రికార్డింగు ఆగలేదు, పచ్చగీత సన్నగా ముందుకు పోతూనే ఉంది.

నా హెడ్‌ఫోన్సులో నవ్వు వినబడింది. మూడు నవ్వులు, ఒక ఊపిరి, దగ్గు.

"శభాష్ యామినీ. ఎప్పుడు నేర్చుకున్నావే?" అన్నాను గుసగుసగా.

యామిని తల అడ్డంగా ఊపింది. బుగ్గలు ఉబ్బి ఉన్నాయి. నోటి నిండా నీళ్లు, ఇంకా మింగలేదు.

పచ్చగీత మళ్లీ లేచింది. అదే నవ్వు. ఈసారి దగ్గర నుంచి. మైకుకు మరీ దగ్గరగా నోరు పెడితే ఊపిరి బుస్సుమంటుంది కదా, అట్ల.

హెడ్‌ఫోన్సు తీసేసినాను. తీస్తే ఏమీ లేదు. గది మూగగా ఉంది. పెట్టుకుంటే ఉంది. మైకు వింటుంది, నేను వినలేను.

తర్వాత హెడ్‌ఫోన్సు లేకుండానే ఒక చప్పుడు వినబడింది. దొడ్లో నాయన పారబోసిన పలక ముక్కల కుప్ప ఉంది. దాని మీద ఎవరు నడిచినా పింగాణి పగిలినట్టు చప్పుడవుతుంది. గలక్... గలక్... చిన్న కాళ్లు. తొందర లేదు. గుమ్మం దాకా వచ్చినాయి... ఆగినాయి.

తడి బొచ్చు వాసన లేచింది. వానలో తడిచిన గొంగడి వాసన. వాన పడి నెలలయింది మాకు.

యామిని నీళ్లు మింగింది. గుటక చప్పుడు నాకు వినబడింది.

"అత్తా," అంది గుసగుసగా, "ఆ పిల్ల తడిచిపోయింది."

"ఏ పిల్ల?"

"చేయి చాపింది. పట్టుకోనా?"

"వద్దు. యామినీ, వద్దు... నా దగ్గరికి రా."

చీకట్లో తడుముకొని పిల్లను దగ్గరికి లాక్కున్నాను. కుడిచేయి మాత్రం రాలేదు. ముందుకు చాపి ఉంది, గట్టిగా. దాన్ని ఇంకెవరో పట్టుకొని ఉన్నట్టు. నేను లాగినాను. ఒక్క క్షణం అవతల నుంచి కూడా లాగినట్టే ఉంది... తర్వాత వదిలేసింది.

యామిని నవ్వింది. నా చెవి పక్కనే. మూడు నవ్వులు. ఒక ఊపిరి. దగ్గు.

కరెంటు వచ్చింది.

గదిలో మేమిద్దరమే. యామిని నా దిక్కు మామూలుగానే చూస్తుంది. కుడి అరచేయి మాత్రం మడతలు పడి తెల్లగా ఉంది, చాలాసేపు నీళ్లలో నానినట్టు. గుమ్మానికి వేలాడే గొంగడిని పక్కకు తోయబోయినాను. కదల్లేదు. నీళ్లు పీల్చి రాయంత బరువుంది. కింది అంచు నుంచి చుక్కలు పడుతున్నాయి.

ఆ గొంగడిని తీసి దొడ్లో తీగ మీద ఆరేసినాను. మార్కాపురం ఎండకు చింతపండు కూడా పెళుసెక్కుతుంది. వారం అయింది. ఆ గొంగడి ఇంకా ఆరలేదు. కింద పలక ముక్కల మీద చుక్క చుక్క పడుతూనే ఉంది.

ఆ ఫైలును నేను పంపించలేదు. తీసేద్దామని పోయేసరికి అన్న పంపించేసినాడు. మరుసటి రోజే లీదియక్క ఫోను.

"గోపీ, అదిరిపోయింది. పాప నవ్వు అచ్చం నీదే. మీ ఇంటి నవ్వే అది. సోమవారం తీసుకొచ్చేయండి, అగ్రిమెంటు రాసేద్దాం."

అన్న మార్కాపూర్ రోడ్డు స్టేషను నుంచి రైలుకు టికెట్లు తీసినాడు. వదిన పిల్లకు కొత్త బట్టలు కొంటుంది. యామిని నవ్వడం మానేసిందని ఇంట్లో ఎవరూ గమనించలేదు.

నేను గమనించినాను. ఆ రాత్రి నుంచి యామిని గలగల నవ్వు లేదు. చక్కిలిగింతలు పెట్టినాను. పిల్ల నోరు తెరిచింది, పొట్ట ఎగిరింది, కళ్లలో నీళ్లు కూడా వచ్చినాయి. చప్పుడు మాత్రం రాలేదు. నాకు తెలుసు ఆ నోరు. పదేళ్ల నుంచి మైకు ముందర నేను తెరుస్తున్న నోరే అది. నాకు నవ్వడమంటే ఎట్ల ఉంటుందో కూడా గుర్తులేదు. ఇప్పుడు ఆ పిల్ల వంతు. సోమవారం మైకు ముందర నిలబెడితే ఇంక దానికి సొంత నవ్వు తిరిగి రాదు.

అన్నకు చెప్పబోయినాను. "అన్నా, యామినిని పంపించొద్దు."

"ఏందే, కడుపు మంటనా?" అన్నాడు నవ్వుతూనే. వదిన నవ్వలేదు. ఇంక నేనేం చెప్పినా అదే అనుకుంటారు.

వారమంతా ఆలోచించినాను. మల్లి ఇన్నేళ్లుగా ఎందుకు నవ్వుతుంది? పడిన ప్రతిసారీ, ప్రతి భాగంలో, వందలసార్లు. తన షాటు పూర్తి కాలేదు కాబట్టి. చచ్చినట్టు చేసింది, కెమెరాను చూసి నవ్వింది, చేయి చాపింది. మిగిలింది ఒక్కటే. సొంతవాళ్లెవరో పేరు పెట్టి "లే" అనాల. ఆ మాట నేనంటే చెల్లదు. అన్నాను కూడా, పగటి పూట, మైకు ముందర, "లే మల్లీ" అని. పచ్చగీత లేవలేదు. ఆ మాట అనాల్సిన మనిషి రాళ్లగుట్ట వెనక గొంగడి పట్టుకొని నిలబడి ఉంది, ఇంకా.

ఆమెకు చెప్పాలంటే ముందు ఇది చెప్పాల. రోజూ మేకల్ని తోలేసి వచ్చి నువ్వు వింటున్న నవ్వు నీ కూతురిదే పెద్దమ్మా అని. ఆమెకు తెలిసే ఉంటుంది. తెలిసే ఆపొద్దని ఉంటుంది. ఇప్పుడు నేను ఆపమని అడగాల. "లే" అంటే ఆ నవ్వు ఇంక ఆమెకు ఉండదు.

ఇంకో భయం కూడా ఉంది. ఇన్నేళ్లు నీళ్లలో ఉన్నదాన్ని పేరు పెట్టి లే అంటే, లేచేది ఏది?

రేపు సోమవారం. యామిని ఈ రాత్రి నా పక్కలో పడుకుంటానంది. పడుకుంది. నేను ఇది రాస్తున్నాను. ఇందాక నిద్రలో కదిలింది, కుడిచేయి దుప్పటి బయటికి చాపింది.

"అత్తా," అంది కళ్లు మూసుకొనే, "చలేస్తుంది. అమ్మను గొంగడి తెమ్మను."

మా యామిని వాళ్లమ్మను మమ్మీ అంటుంది. పుట్టి మాటలొచ్చినప్పటి నుంచి మమ్మీ అనే అంటుంది.

నేను ఆ చేయి పట్టుకోలేదు. ఫోను తీసినాను. తెల్లారేదాకా ఆగితే అన్న ఆటో పిలుస్తాడు. యల్లమ్మను నిద్ర లేపినా తిట్టదులే. ఫోను స్పీకరులో పెట్టి, కొట్లో మైకు ముందర పట్టుకొని, కూతుర్ని పేరు పెట్టి పిలవమంటాను. ఏది లేస్తే అది లేవనీ. 'గొంగళ్లు' దగ్గరికి వచ్చి ఆగినాను. ఇప్పుడే చేస్తాను.

బయట వారం నుంచి ఆగకుండా పడుతున్న చుక్కల చప్పుడు, నేను ఆ పేరు మీద వేలు పెట్టగానే ఆగిపోయింది.